బాబుకి మాటిమాటికీ న్యుమోనియా, ఇమ్యూనాలజీ (రోగనిరోధక శక్తి జబ్బుల వైద్యం) తెలిసిన డాక్టరు ఎక్కడున్నారు?

మాది ఖమ్మం. మా బాబుకి మూడేళ్లు. చెవిలో చీము, న్యుమోనియా, ఒకటి తగ్గేలోపే ఇంకోటి. ఎవరికి చూపించినా 'పిల్లలకి మామూలే' అని యాంటీబయాటిక్ సిరప్ రాసి పంపేశారు. మా తమ్ముడు పసితనంలో న్యుమోనియాతోనే పోయాడని చెప్పినా పట్టించుకోలేదు. మొన్న ఒక డాక్టరమ్మ నోట్లో టార్చి వేసి చూసి, టాన్సిల్స్ దాదాపు కనిపించట్లేదని ఇమ్యునోగ్లోబ్యులిన్ (రక్తంలో రోగాలతో పోరాడే యాంటీబాడీల) పరీక్ష రాశారు. వాటిలో ముఖ్యమైన ఐజీజీ బాగా తక్కువొచ్చింది. బ్రూటన్ వ్యాధి (పుట్టుకతోనే యాంటీబాడీలు సరిగా తయారుకాని జబ్బు) కావచ్చు, దానికి కారణమయ్యే బీటీకే అనే జన్యువుకి పరీక్ష చేయించమన్నారు. చండీగఢ్ పీజీఐ ఆసుపత్రిలో చూస్తారట, కానీ అంతదూరం కష్టం. హైదరాబాద్‌లో ఈ జబ్బులు తెలిసిన పిల్లల డాక్టరు ఎవరైనా ఉన్నారా? మూడు నాలుగు వారాలకోసారి ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) ఎక్కించాలంటే ఎంతవుతుంది, ఆరోగ్యశ్రీలో వస్తుందా? పోలియో చుక్కల్లో బతికున్న వైరస్ ఉంటుంది కాబట్టి వేయించొద్దన్నారు. పల్స్ పోలియోకి ఇంటికొచ్చే వాళ్లకి మీరేం చెబుతున్నారు? ఇలాంటి పిల్లలున్నవాళ్లు దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.