ఆఫీసుకీ ఆటకీ ఒకటే మానిటర్: ఓలెడ్ కొనొచ్చా, ఐపీఎస్‌తోనే సర్దుకోవాలా?

అర్ధరాత్రి_ఆటగాడు:
అందరికీ నమస్తే. వారానికి ఐదు రోజులు ఇంటి నుంచే పని, రోజుకి 9 గంటలు. ఎక్సెల్, టీమ్స్, రెండు బ్రౌజర్లు. ఆట రాత్రి పదిన్నర తర్వాతే. ఇప్పుడున్నది ఏడేళ్ల కిందటి 24 అంగుళాల ఐపీఎస్ (మామూలు ఎల్‌సీడీలో ఒక రకం). చీకటి సీనొస్తే నలుపుకి బదులు బూడిద కనిపిస్తుంది. మొన్న సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 27 అంగుళాల 1440పీ (నిలువున 1440 పిక్సెళ్లు) క్యూడీ-ఓలెడ్, అంటే ఓలెడ్‌లోనే ఒక రకం, చూశా, అప్పట్నుంచి అదే ధ్యాస. "ఇప్పుడొచ్చేవాటికి బర్న్-ఇన్ రానే రాదు సార్" అని షాపాయన ఒట్టేశాడు. స్క్రీన్ మీద చెరగని మచ్చ పడుతుందేమోనని, ఆ ఒట్టే నాకు భయం. ఏమంటారు?

గ్రాఫిక్స్_గోపి:
కొనెయ్ బ్రో, ఆలోచించకు. ఐపీఎస్‌లో వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది, దాన్ని ఎంత అడ్డుకున్నా కొంత బయటికి వస్తుంది. ఓలెడ్‌లో ఏ పిక్సెల్‌కా పిక్సెల్ ఆరిపోతుంది. రంగు మారడానికి 0.03 మిల్లీసెకన్లు చాలని కంపెనీల లెక్క. అంత కాకపోయినా ఐపీఎస్ దాని దరిదాపుల్లోకి రాదు. 240 హెర్ట్జ్ (సెకనుకి 240 సార్లు బొమ్మ మార్చే) ఓలెడ్ మీద ఒక్క వారం ఆడి, పాతదానికి వెళ్లు చూద్దాం.

పాతకాపు:
"ఆలోచించకు" అనేవాళ్లు నీ ఈఎంఐ కట్టరు బాబూ. బర్న్-ఇన్ అంటే ఏదో ఒక రోజు వచ్చిపడే రోగం కాదు, అరుగుదల. వెలిగినంతసేపూ ప్రతి పిక్సెల్ కాస్త అరుగుతుంది. టాస్క్‌బార్ ఉన్నచోట ఒక తీరుగా, మిగతాచోట ఇంకో తీరుగా అరిగితే ఆ తేడాయే మచ్చ. మానిటర్స్ అన్‌బాక్స్‌డ్ అనే యూట్యూబ్ చానెల్ వాళ్లు 2024లో 32 అంగుళాల 4కే క్యూడీ-ఓలెడ్‌ని కావాలనే ఆఫీసు పనికి పెట్టారు. దాన్ని వాడినాయనకి రెండు విండోలు పక్కపక్కన పెట్టుకునే అలవాటు. సరిగ్గా ఆ రెంటి మధ్య నిలువు గీత పడింది. నీ ఎక్సెల్ గళ్లు ఏం చేస్తాయో నువ్వే ఊహించుకో.

గ్రాఫిక్స్_గోపి:
ఆ గీత ముదురు బూడిద రంగు స్క్రీన్ పెట్టి వెతికితే కనిపించేది, అది కూడా చెప్పండి కాపు గారూ. పైగా ఆయన టాస్క్‌బార్ దాచలేదు.

పూర్ణ_ప్రూఫులు:
మీ ఇద్దరి గొడవా బర్న్-ఇన్ చుట్టూనే. 27 అంగుళాల 1440పీ క్యూడీ-ఓలెడ్ మీద 20 నెలలుగా పని చేస్తున్నాను, నాకు మచ్చ పడలేదు. ఏడిపించినవి వేరే ఉన్నాయి.

మొదటిది అక్షరాలు. నా పని తెలుగు ప్రూఫులు దిద్దడం. మామూలు స్క్రీన్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు పక్కపక్కన నిలువుగా ఉంటాయి. విండోస్‌లో క్లియర్‌టైప్ (అక్షరాలు నున్నగా చూపే పద్ధతి) ఆ వరసనే నమ్ముకుంటుంది. నా క్యూడీ-ఓలెడ్‌లో అవి త్రిభుజంలా ఉంటాయి: పచ్చ పైన, ఎరుపూ నీలం కింద. దాంతో అక్షరం పైఅంచుకీ కిందిఅంచుకీ ఒకచోట పచ్చ, ఒకచోట గులాబీ పూత. ఇంగ్లిషుకి పర్లేదు, రెండ్రోజుల్లో అలవాటైపోతుంది. మనకి ద-ధ, డ-ఢ, ప-ఫ తేడా అంతా కింద ఉండే ఆ చిన్న గీతలోనే కదా! ఆ పూత వచ్చి దానిమీదే పడుతుంది. వత్తులకీ అదే గతి. 27 అంగుళాల 1440పీలో అంగుళానికి దాదాపు 110 పిక్సెళ్లే. 2025లో వచ్చిన 27 అంగుళాల 4కే క్యూడీ-ఓలెడ్‌లలో 166. మా తమ్ముడి దగ్గర ఒకటుంది, దాని మీద ఈ బాధ దాదాపు లేదు. కాకపోతే 4కేలో ఆడాలంటే గ్రాఫిక్స్ కార్డు కూడా ఆ స్థాయిలో ఉండాలి.

రెండోది గది. క్యూడీ-ఓలెడ్‌లో పోలరైజర్ పొర (బయటి వెలుతురు స్క్రీన్ మీద పడి తిరిగి రాకుండా తగ్గించేది) ఉండదు. మా హాల్లో తూర్పు కిటికీ, పొద్దున పది దాకా నా "నలుపు" వంకాయ రంగులో ఉంటుంది. ఎల్‌జీ డిస్‌ప్లే తయారుచేసే డబ్ల్యూ-ఓలెడ్‌లకి ఆ పొర ఉంది కాబట్టి వెలుతురులోనూ నలుపు నలుపే. ఇంకోటి, స్క్రీనంతా తెల్లగా ఉంటే నా మానిటర్ 250 నిట్ల (వెలుగు కొలత) దగ్గర ఆగిపోతుంది. పగటి ఎక్సెల్‌కి అది డల్లే.

మూడోది మా అత్తగారు. నవ్వకండి. నాలుగు గంటలు వాడాక ఈ మానిటర్లు పిక్సెల్ రిఫ్రెష్ (అరుగుదల తేడాని సరిచేసుకునే పని) చేసుకోవాలి. అది మానిటర్ ఆపాక, కరెంటు అందుతుంటేనే, కొన్ని నిమిషాలు నడుస్తుంది. ఆవిడ పడుకునే ముందు ఇంట్లో స్విచ్‌లన్నీ కట్టేస్తారు. మెనూలో చూసి సంగతి తెలుసుకునేసరికి నెల దాటింది. ఇప్పుడా ప్లగ్గు మీద "ముట్టుకోవద్దు" అని కాగితం అంటించాను.

అర్ధరాత్రి_ఆటగాడు:
పూర్ణ గారూ, మా అమ్మదీ అదే అలవాటు 😅 ఇంకో సందేహం. బావ డిసెంబర్‌లో డాలస్ నుంచి వస్తున్నాడు. బ్లాక్ ఫ్రైడేకి అక్కడ కొనిపిస్తే?

డాలస్_నెల్లూరోడు:
మీ బావ తరఫున నేను వద్దంటున్నా. ఆవకాయ జాడీలు మోసిన చేతులివి, గాజు పలక మోయలేవు. అసలు ఓలెడ్‌కి ధైర్యమిచ్చేది 3 ఏళ్ల బర్న్-ఇన్ వారంటీయే, అదీ కొన్ని కంపెనీలే ఇస్తాయి. చాలావాటికి కొన్న దేశంలోనే చెల్లుతుంది. ఇక్కడే కొనండి, కాగితంలో "బర్న్-ఇన్" అనే మాట ఉందో లేదో చూసుకుని.

పాతకాపు:
కొనేలా ఉన్నాడు. అయితే రెండు ముక్కలు. ఫ్రేములు ఎగుడుదిగుడుగా వచ్చే ఆటల్లో వీఆర్‌ఆర్ (ఫ్రేముల వేగానికి తగ్గట్టు స్క్రీన్ వేగం మార్చే సెట్టింగు) ఆన్ చేస్తే చీకటి సీన్లు మిణుకుమంటాయి. ఫ్రేములకి పరిమితి పెడితే తగ్గుతుంది. రెండోది, పాత 24 ఎందుకు అమ్ముతావు బాబూ? ఎక్సెల్, టీమ్స్ దాని మీద పడెయ్. కొత్తది పగలంతా నిద్రపోతుంది.

గ్రాఫిక్స్_గోపి:
కాపు గారితో మొదటిసారి ఏకీభవిస్తున్నా.

అర్ధరాత్రి_ఆటగాడు:
నిన్న మళ్లీ షాపుకెళ్లా. వాళ్లు తిప్పే నల్ల బ్యాక్‌గ్రౌండ్ చేపల వీడియో ఆపించి, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లిన నా ఎక్సెల్ షీటు, ఒక తెలుగు పేజీ తెరిపించా. పూర్ణ గారన్న గులాబీ పూత "ధ" కింద కనిపించింది. షాపాయనకి చూపిస్తే "అది మీ ఫాంట్ సార్" అన్నాడు. నా పనిలో తెలుగు తక్కువ, దాంతో సర్దుకుంటా. డల్‌గా ఉన్న తెల్ల షీటుతో సర్దుకోలేను. అది పాతదాని మీదే.

టేబుల్ కొలిచా, 4 అడుగులు, అంటే 122 సెంటీమీటర్లు. పాతది 54, కొత్తది 61. పట్టేస్తాయి.

పాతకాపు:
స్పీకర్లు?

అర్ధరాత్రి_ఆటగాడు:
...