ఫ్లెక్సీ మీద లెఫ్టినెంట్ అనా, లూటెనెంట్ అనా?

ప్రశ్న: మా మేనల్లుడు డెహ్రాడూన్‌లో ట్రైనింగ్ ముగించి లెఫ్టినెంట్ అయ్యాడు. ఆదివారం ఊరికొస్తున్నాడు, ఫ్లెక్సీ వేయిస్తున్నాం. లెఫ్టినెంట్ అని రాయాలా, లూటెనెంట్ అనా? ఇంకోటి, లెఫ్టినెంట్ కన్నా మేజర్ పెద్ద కదా, మరి మేజర్ జనరల్ కన్నా లెఫ్టినెంట్ జనరల్ పెద్దెలా అయ్యాడు? బావగారు అడిగితే చెప్పలేకపోయాను.

జవాబు: అబ్బాయికి అభినందనలండీ! లెఫ్టినెంట్ అనే వేయించండి. మన సైన్యంలో బ్రిటిష్ వాళ్ల ఉచ్చారణే నిలిచింది. లూటెనెంట్ అమెరికా వాళ్లది. ఇంగ్లీషు స్పెల్లింగు ఇద్దరికీ ఒకటే, అందులో 'ఎఫ్' అక్షరమే లేదు.

మాట ఫ్రెంచిది. 'ల్యూ' అంటే చోటు, 'తెనా' అంటే పట్టుకుని ఉన్నవాడు. పై అధికారి లేనప్పుడు ఆయన స్థానంలో నిలబడేవాడన్నమాట. మీ రెండో చిక్కు ఇక్కడే విడిపోతుంది. కెప్టెన్‌కు బదులు నిలిచేవాడు ఉత్త లెఫ్టినెంట్, కల్నల్‌కు బదులైతే లెఫ్టినెంట్ కల్నల్, జనరల్‌కు బదులైతే లెఫ్టినెంట్ జనరల్. ఎవరికి బదులో దాన్నిబట్టే హోదా. ఇక మేజర్ జనరల్‌ను 17వ శతాబ్దపు ఇంగ్లండులో సార్జెంట్ మేజర్ జనరల్ అనేవారు. జనరల్, ఆయనకు బదులు నిలిచేవాడు, ఆ తర్వాతే ఈయన. పోనుపోను 'సార్జెంట్' ఊడిపోయింది, వరస మాత్రం అలాగే ఉంది.

ఈ మాట జర్మనులకు లాయిట్నాంట్, రష్యన్లకు లెయ్తెనాంత్ అయింది. స్పెయిన్‌లో తెనియెంతె, ఇటలీలో తెనెంతె అంటారు. వాళ్ల హోదాలో 'చోటు' పోయి 'పట్టుకున్నవాడు' మిగిలాడు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఇంకో సభ్యురాలు: మాది యానాం. 1954 దాకా మాది ఫ్రెంచి పాలనే. ఇప్పుడు పుదుచ్చేరికి లెఫ్టినెంట్ గవర్నర్ ఉంటారు కదా, అదీ ఇదేనా?

జవాబు: అదేనమ్మా. కేంద్రపాలిత ప్రాంతాన్ని పాలించాల్సింది రాష్ట్రపతి, ఆయన తరఫున అక్కడ ఉండేది లెఫ్టినెంట్ గవర్నర్. ఫ్రెంచి వాళ్లు వెళ్లిపోయాక వాళ్ల మాటే ఇంగ్లీషు దారిన మీ ఊరికి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్సండీ, బావగారికి చెప్పాను. హోదా పేరుకు ముందా, వెనకా?

జవాబు: ముందే. ఇంటిపేరు కన్నా కూడా ముందు.