రాత్రి 8.30 దాటితే వీడియో కాల్ నిలిచిపోతోంది: లోపం ఎక్కడిదో నిరూపించడం ఎలా?

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర కొబ్బరితోటల మధ్య ఉన్న పల్లె. మా వారు కువైట్‌లో పనిచేస్తున్నారు. అక్కడ సాయంత్రం 6 అయ్యేసరికి మనకు 8.30 అవుతుంది, నాలుగేళ్ల మా బాబుకు తండ్రితో గడిపే సమయం అదొక్కటే.

మా ఇంటి ఫైబర్ కనెక్షన్ వేగం 40 ఎంబీపీఎస్. పగలు ఏ ఇబ్బందీ లేదు. రాత్రి 8.30 నుంచి 10 వరకు మాత్రం కాల్ మొదలైన మూడు నాలుగు నిమిషాలకే మాట వినిపిస్తూ బొమ్మ కదలకుండా ఆగిపోతుంది, బాబు విసిగి లేచి వెళ్లిపోతాడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. ఆ వేళ డౌన్‌లోడ్ 25 దాకా వస్తున్నా అప్‌లోడ్ 1కి పడిపోతోంది, పింగ్ (సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) 400 మిల్లీసెకన్లు దాటుతోంది.

రౌటర్‌ను రీస్టార్ట్ చేశాను, వైఫై ఛానల్‌ను 1 నుంచి 11కి మార్చాను, వైఫై 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనూ, ల్యాప్‌టాప్‌కు నేరుగా కేబుల్ పెట్టీ పరీక్షించాను, ఫలితం మారలేదు. అదే సమయంలో మేడ మీదికెళ్లి మొబైల్ డేటాతో మాట్లాడితే కాల్ చక్కగా సాగుతోంది, కానీ ఇంట్లోకి ఆ సిగ్నల్ రాదు. ఫిర్యాదు చేస్తే టెక్నీషియన్ ఉదయం 11 గంటలకు వచ్చి, అంతా బాగానే ఉందని చెప్పి వెళ్లారు.

రద్దీ వేళల్లో లోపం మా ఇంట్లో కాక వారి లైనులోనే ఉందని కంపెనీ కాదనలేని విధంగా చూపడానికి, నేను ఏ పరీక్ష చేసి, ఏ వివరాలు నమోదు చేసి పంపాలి?