దోచింది అన్నదమ్ములు, చంపింది బయటివాడు: ‘ద హార్డ్ వర్డ్’ కథ న్యాయంగా నడిచిందా?

సెకండ్‌షో:
2002లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా ‘ద హార్డ్ వర్డ్’ చూసినవాళ్లుంటే ఒక విషయం తేల్చుకుందాం. కథ చెప్పకుండా ఈ చర్చ కుదరదు కాబట్టి చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

డేల్, మ్యాల్, షేన్ ముగ్గురూ అన్నదమ్ములు, ముగ్గురిదీ దోపిడీల వృత్తి. జైల్లో ఉన్నవాళ్లను లాయరు ఫ్రాంక్ అవినీతి పోలీసులతో కుమ్మక్కై బయటికి తెప్పిస్తాడు, వాళ్లతో దోపిడీలు చేయిస్తాడు. మరోపక్క డేల్ భార్య క్యారల్‌తో సంబంధం నడుపుతుంటాడు. చివరికి మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందేలకు బుకీల దగ్గర పోగయ్యే సొమ్ము మీద పెద్ద ప్లాన్ వేస్తాడు. అన్నదమ్ములకు ఒక్కటే నియమం, ఎవరికీ దెబ్బ తగలకూడదు. కానీ ఫ్రాంక్ పట్టుబట్టి వాళ్లలో చేర్చిన నాలుగోవాడు తుపాకీ పేలుస్తాడు. ప్రాణాలు పోతాయి.

నా అభ్యంతరం ఇక్కడే. రక్తమంతా నాలుగోవాడి చేతికి అంటించారు, ద్రోహమంతా లాయరు నెత్తిన వేశారు. అన్నదమ్ములు మాత్రం మంచివాళ్లుగా మిగిలిపోయారు, వాళ్లు తప్పించుకోవాలని మనమే కోరుకుంటాం. గదిలోకి నలుగురూ తుపాకులతోనే కదా వెళ్లింది? ఎవరినీ చంపకూడదనుకునేవాడు ఎదుటివాడికి తుపాకీ ఎందుకు గురిపెట్టాలి? ఇది కథలో తెలివా, లేక దర్శకుడు తన హీరోలను కాపాడుకోవడమా?

పాత టేపులు:
సెకండ్‌షో గారూ, నేను ఒప్పుకోను. ఈ సినిమా హత్య గురించి కాదు, ఎవరిని నమ్మొచ్చు అన్న దాని గురించి. మ్యాల్ మాంసం కొట్టే పనివాడు. ఆస్ట్రేలియాలో కసాయి దుకాణాలవాళ్లు గిరాకీలకు అర్థం కాకుండా మాటలు తిరగేసి పలికే అలవాటు నిజంగానే ఉండేది. అన్నదమ్ములు ముగ్గురూ ఆ భాషలోనే మాట్లాడుకుంటారు, మనం చిన్నప్పుడు క-భాష మాట్లాడుకున్నట్టు. పోలీసు, లాయరు, భార్య, ఎవరి ముందైనా సరే ఆ ముగ్గురికీ ఒక గోడ ఉందన్నమాట. ఆ గోడ లోపలికి ఫ్రాంక్ తన మనిషిని తోశాడు.

నాలుగోవాడు దర్శకుడికి దొరికిన సాకు కాదండీ, ఫ్రాంక్ చేతిలో పగ్గం. ముఠాలో ఎవరు ఉండాలో యజమానిని నిర్ణయించనిచ్చిన రోజే నియమం పోయింది. ఆ తప్పు డేల్‌ది. సినిమా దాన్ని దాచలేదు.

యారా ఒడ్డు:
నేను చాలా ఏళ్లుగా మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. ఇక్కడ బుకీల దోపిడీ అనగానే పాతవాళ్లకు గుర్తొచ్చేది సినిమా కాదు, 1976. ఆ ఏడాది ఏప్రిల్ 21న క్వీన్ స్ట్రీట్‌లోని విక్టోరియన్ క్లబ్‌లో బుకీలు ఈస్టర్ పందేల లెక్కలు తేల్చుకోవడానికి కూర్చున్నప్పుడు ముసుగులు వేసుకున్న ముఠా వచ్చి నగదు ఎత్తుకెళ్లింది. ఎంత పోయిందో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేరు. పది లక్షల డాలర్లకు పైన అని ఒక లెక్క, కోటిన్నర అని ఇంకో లెక్క. ఎందుకంటే బుకీల దగ్గరున్న దాంట్లో చాలా భాగం లెక్కల్లో చూపని డబ్బు. పోయిందంతా పోలీసులకు చెబితే పన్నులవాళ్లకు దొరికిపోతారు.

ఇప్పుడు సెకండ్‌షో గారి ప్రశ్నకు వస్తాను. ఆ దోపిడీలో ఎవరినీ కాల్చి చంపలేదు. అంటే రక్తం చిందకుండా దోచడం సినిమావాళ్ల కల్పన కాదు. చావులు తర్వాత మొదలయ్యాయి. ముఠా నాయకుడిగా అందరూ చెప్పే రే బెనెట్‌కు ఇక్కడి నేరలోకంలోనే ఉన్న కేన్ అన్నదమ్ములతో పగ ఉండేది. 1978లో లెస్ కేన్ మాయమయ్యాడు, శవం కూడా దొరకలేదు. ఆ కేసులో బెనెట్ నిర్దోషిగా బయటపడ్డాడు. 1979 నవంబరు 12న ఇంకో కేసు కోసం మెల్‌బోర్న్ మెజిస్ట్రేట్ కోర్టుకు తీసుకొస్తే, కోర్టు భవనంలోనే ఎవరో కాల్చి చంపారు. అనుమానం లెస్ అన్న బ్రయన్ మీదికి వెళ్లింది, కేసు మాత్రం ఎవరి మీదా నిలబడలేదు. 1982లో బ్రన్స్‌విక్‌లోని ఒక పబ్‌లో బ్రయన్‌నూ కాల్చేశారు.

అందుకే ఈ సినిమాలో నాకు నచ్చనిది నాలుగోవాడు కాదు. దోపిడీ అయ్యాక అన్నదమ్ముల మధ్య డబ్బు గురించి అపనమ్మకం రాకపోవడమే నమ్మబుద్ధి కాదు. ఈ ఊళ్లో జరిగింది అలా లేదు.

మూడో వరుస:
క్యారల్ గురించి ఎవరూ మాట్లాడరేం? ద్రోహం అంటే ఫ్రాంక్‌దే అంటున్నారు. భర్త జైల్లో ఉండగా లాయరుతో ఉన్న మనిషి, ఇద్దరితోనూ ప్రేమగానే మాట్లాడే మనిషి, ఆవిడ చివరికి ఎటు మొగ్గుతుందో అన్న టెన్షన్ మీదే సగం సినిమా నడిచింది. రేచల్ గ్రిఫిత్స్ ఆ పాత్రను చెడ్డదానిగా చూపించనివ్వలేదు. నా లెక్కలో ఈ కథలో ఎవరి మాటకీ కట్టుబడనిది ఆవిడ ఒక్కతే, కాబట్టి ద్రోహి అనడానికీ లేదు. డేల్ కూడా ఆమెను అడగాల్సిన చోట ఏమీ అడగడు. అడిగితే వినాల్సి వస్తుందని భయం. గై పియర్స్ ఆ మౌనాన్ని బాగా చేశాడు.

సెకండ్‌షో:
యారా ఒడ్డు గారూ, మీరు చెప్పిందే నా వాదనకు బలం. ‘యానిమల్ కింగ్‌డమ్’ (2010) తీసుకోండి. అది కూడా మెల్‌బోర్నే, అన్నదమ్ములే, దోపిడీలే. గై పియర్స్, జోయెల్ ఎడ్జర్టన్ రెండిట్లోనూ ఉన్నారు. ఇందులో అన్నగా దోచిన పియర్స్ అందులో డిటెక్టివ్. అక్కడ దోపిడీని సీనుగా చూపించనే లేదు, పేర్లు పడేటప్పుడు బ్యాంకు కెమెరా ఫొటోలు కనిపిస్తాయి, అంతే. మిగతా సినిమా అంతా ఇల్లే. పోలీసులు ఒకణ్ని కాల్చేస్తే అన్నదమ్ములు బదులుగా ఇద్దరు కానిస్టేబుళ్లను రప్పించి చంపుతారు. 1988 అక్టోబరు 12న వాల్ష్ స్ట్రీట్‌లో ఇద్దరు యువ కానిస్టేబుళ్లను చంపిన ఉదంతమే దానికి ఆధారం. ఆ కేసులో విచారణకు నిలబడ్డ నలుగురూ నిర్దోషులుగా బయటపడ్డారు.

అందులో ఏ లాయరు మీదా నేరం తోయలేదు. పోప్ చంపుతాడు, వాడు ఇంటివాడే. తల్లి సొంత మనవణ్ని చంపించడానికి ఏర్పాటు చేస్తుంది, ఆమె కూడా ఇంటిదే. చూసి బయటికొచ్చాక ఆ కుటుంబంలో ఒక్కరి మీద కూడా నాకు ముచ్చట వేయలేదు. అలా ఉండాలి.

పాత టేపులు:
అలాగే ఉండాలి అంటే నాకు భయం వేస్తుందండీ. దొంగల మీద ముచ్చట కలిగించకూడదు అన్న మాట ఆస్ట్రేలియాలో సినిమా పుట్టినప్పటి నుంచీ ఉంది. 1906లో అడవి దొంగ నెడ్ కెల్లీ ముఠా మీద తీసిన సినిమా గంటకు పైగా నడిచింది, ప్రపంచంలో తొలి పూర్తి నిడివి కథాచిత్రం అదేనంటారు. నెడ్, డాన్ అన్నదమ్ములు. వాళ్ల కథలోనూ ద్రోహం ఉంది, ఆరన్ షెరిట్ పోలీసులకు కబురు చేరవేస్తున్నాడని వాడి చిన్ననాటి స్నేహితుడు, ముఠాలోవాడు జో బర్న్ 1880లో తలుపు దగ్గరే కాల్చేశాడు. ఇలాంటి అడవి దొంగల సినిమాలు జనం ఎగబడి చూస్తుంటే 1911-12 కల్లా రాష్ట్రాల ప్రభుత్వాలు నిషేధించాయి. బాగా ఆడే కథలే పోవడంతో అక్కడి సినిమా పరిశ్రమ దెబ్బతింది.

‘యానిమల్ కింగ్‌డమ్’ గొప్ప సినిమా, కాదనను. కానీ దోపిడీ సినిమాలన్నీ దాని కొలతకు సరిపోవాలంటే ఎలా?

సెకండ్‌షో:
నిషేధం ఊసే నేను ఎత్తలేదు. ముచ్చట కలిగించండి, కానీ దానికి తగిన ఖర్చు పెట్టండి అంటున్నాను. దర్శకుడి చేతిలోనే షేన్ ఉన్నాడు చూడండి. కోపం ఆపుకోలేని తమ్ముడు, జైల్లో మనసు కుదుటపరిచే కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టాల్సి వచ్చినవాడు. ఎడ్జర్టన్ ముఖంలో ఆ కోపం ఎప్పుడు పేలుతుందా అని చూస్తూనే ఉంటాం. ఆ గదిలో తుపాకీ పేల్చింది వాడే అయ్యుంటే? అప్పుడు డేల్ నియమాన్ని కాపాడతాడా, తమ్ముణ్ని కాపాడతాడా?

మూడో వరుస:
తమ్ముణ్నే. అందులో అనుమానం ఏముంది?

పాత టేపులు:
అప్పుడది వేరే సినిమా అయిపోతుంది. ఫ్రాంక్ అవసరమే ఉండదు.

సెకండ్‌షో:
ఉండక్కర్లేదు. నేను చూడాలనుకున్నది ఆ సినిమానే.