అంతర్గత ఆర్థిక నియంత్రణలపై ఆడిటరు ఇచ్చే నివేదిక వాటాదారుకు పనికొస్తోందా?

పాతవాటాదారు: డబ్బు లెక్కల్లో తప్పులు, మోసాలు జరగకుండా కంపెనీ లోపల పెట్టుకునే తనిఖీ ఏర్పాట్లే అంతర్గత ఆర్థిక నియంత్రణలు. అవి సరిగా ఉన్నాయో లేదో చెబుతూ కంపెనీల చట్టం 143(3)(ఐ) కింద ఆడిటరు ఇచ్చే ఈ నివేదికను ఎత్తివేయాలని నా వాదన. సత్యం కంప్యూటర్స్ న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో నమోదైన సంస్థ కాబట్టి, నియంత్రణల మీద నివేదిక అడిగే అమెరికా సార్బేన్స్-ఆక్స్లీ చట్టం దానికి అప్పటికే వర్తించేది. అయినా 2009 జనవరి 7న సంస్థ ఛైర్మన్ రామలింగరాజు గారు స్వయంగా లేఖ రాస్తే తప్ప, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేవన్న సంగతి ఎవరికీ తెలియలేదు. అక్కడ అక్కరకు రానిది ఇక్కడ వస్తుందా?

సీఏ_బెజవాడ: అది ఆడిట్ వైఫల్యమండీ, నివేదిక తప్పు కాదు. బ్యాంకు నిల్వల ధ్రువీకరణ లేఖలను ఆడిటరు తానే పంపి, జవాబు తానే నేరుగా అందుకోవాలి. ఆ పనిని ఆడిటర్లు కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011లో తేల్చింది.

కొత్తమదుపరి: ఇంతకీ ఆ నివేదిక ఎక్కడ ఉంటుంది?

సీఏ_బెజవాడ: ఆడిటరు నివేదిక చివర, అనుబంధంగా ఉంటుంది.

పాతవాటాదారు: మీరు బ్యాంకు లేఖల దగ్గరే ఆగిపోతున్నారు. సత్యం ఖాతాల్లోని ఆరు వేలకు పైగా నకిలీ ఇన్వాయిస్‌ల సంగతేమిటి? అన్ని అధికారాలూ ఉండే సూపర్ యూజర్ లాగిన్‌తో ఎక్కించిన ఆ ఇన్వాయిస్‌లు ఫైనాన్స్ విభాగానికి కనిపించేవి, వ్యాపార విభాగాల అధిపతులకు మాత్రం కనిపించేవి కావు. అంటే ఇన్వాయిస్‌లో చూపిన పని జరగలేదని చెప్పగలిగిన వాళ్ల కళ్లకే గంతలు కట్టారన్నమాట.

సీఏ_బెజవాడ: బ్యాంకు లేఖ సరిగ్గా వెళ్లి ఉంటే ఆ ఇన్వాయిస్‌ల డబ్బు ఖాతాలో లేదని తేలిపోయేది. అందుకే అక్కడ ఆగాను.

అంతర్గత_ఆడిటర్: ఇద్దరూ పదిహేనేళ్ల నాటి లేఖల దగ్గరే ఉన్నారు కాబట్టి, నేను పనిచేసిన ఒక నమోదిత సంస్థ సంగతి చెబుతాను. సరఫరాదారుల బ్యాంకు ఖాతా వివరాలను మార్చే అధికారమూ, చెల్లింపును ఆమోదించే అధికారమూ ఒకే లాగిన్‌లో ఉన్నాయని నా అంతర్గత ఆడిట్ నివేదికలో రాశాను. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31లోగా దాన్ని రెండు ఐడీలుగా విడదీశారు గానీ, రెండు పాస్‌వర్డులూ ఒకే మనిషి దగ్గర ఉండిపోయాయి. ఆ ఏడాది బయటి నుంచి వచ్చే చట్టబద్ధ ఆడిటరు గారు నియంత్రణలు సమర్థంగా ఉన్నాయని సంతకం చేశారు, నాకేమో బదిలీ ఉత్తర్వు వచ్చింది.

సీఏ_బెజవాడ: మీరు ఆ విషయాన్ని డైరెక్టర్ల బోర్డులోని ఆడిట్ కమిటీకి రాశారా, లేదా? సూటిగా చెప్పండి.

అంతర్గత_ఆడిటర్: నా నివేదిక ఆర్థిక విభాగాధిపతి అయిన సీఎఫ్ఓ గారి బల్ల దాటితే కదా కమిటీ దాకా వెళ్లేది! నా ఇంక్రిమెంటు నిర్ణయించేదీ ఆయనే.

సీఏ_బెజవాడ: రాయలేదన్నమాట. మరి నింద మాత్రం మా వృత్తి మీద వేస్తున్నారు.

పాతవాటాదారు: అంతర్గత ఆడిటర్ మేడం గారిని నిలదీయడం మాని, సత్యంలో ఆ సూపర్ యూజర్ లాగిన్‌ను ఎవరూ ఎందుకు పరీక్షించలేదో చెప్పండి.

సీఏ_బెజవాడ: చెబుతాను. యాజమాన్యమే నియంత్రణలను దాటవేస్తే మోసం బయటపడకపోవచ్చునని మా నివేదికలోనే స్పష్టంగా రాసి ఉంటుంది. మేం ఇచ్చేది సహేతుకమైన హామీ మాత్రమే, పూర్తి గ్యారంటీ కాదు. పై స్థాయి వారి లాగిన్‌లన్నీ తవ్వాలంటే ఆ గంటలకు ఫీజు ఎవరిస్తారు? ఇప్పుడు ఇస్తున్నది ఆ యాజమాన్యమే కదా!

కొత్తమదుపరి: ఇంతసేపటికి అసలు మాట వచ్చింది.

అంతర్గత_ఆడిటర్: నివేదికను ఎత్తివేయమని నేను అనను, ఎందుకంటే అది కూడా లేకపోతే గుమస్తా స్థాయి లోపాలను సరిదిద్దే వారే ఉండరు. నా అభ్యంతరమల్లా, గుమస్తాకు పెట్టిన పరీక్ష కంపెనీని తన చేతిలో ఉంచుకున్న ప్రమోటరుకు ఎందుకు పెట్టరన్నదే. 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి. అయినా సాఫ్ట్‌వేర్ ద్వారా కాకుండా, లెక్కలు దాచే డేటాబేస్‌లో నేరుగా చేసే మార్పులకు అది పనిచేయలేదని ఎన్నో కంపెనీల ఆడిట్ నివేదికల్లో రాసి ఉంది. ఆ డేటాబేస్ తాళం ఎవరి దగ్గర ఉందో అదే నివేదికలో పేర్కొనడానికి అదనపు ఫీజు కావాలా, సీఏ గారూ?