అప్‌డేట్: నల్లగొండ నుంచి శ్రీలంక వెళ్లి వచ్చాం

పిల్లలతో శ్రీలంక ఎప్పుడు వెళ్లాలి, అక్కడి పద్ధతులేమిటి అని వేసవిలో అడిగాను. ఆగస్టులో వెళ్లి వచ్చాం. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు కొలంబో వైపు తడుపుతాయని, తూర్పున ట్రింకోమలీ పొడిగా ఉంటుందని చెప్పినవారికి దండం. అక్షరాలా అంతే.

గడియారం మార్చే పనే లేదు, మన సమయమే. ప్రతి పౌర్ణమీ అక్కడ ‘పోయా’ సెలవు, ఆ రోజు మద్యం అమ్మరు. మా బావగారి ముఖం చూడాల్సింది!

బౌద్ధ ఆలయాల్లో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చెప్పులు బయటే విడవాలి. అనురాధపురంలో మధ్యాహ్నం బండలు కాలిపోతుంటే మా చిన్నవాడు నీడ నుంచి నీడకు గెంతుతూ నడిచాడు, కాబట్టి సాక్సులు పెట్టుకోండి. బుద్ధుడికి వీపు చూపిస్తూ ఫోటో దిగడం అపచారం. ఒకప్పుడు మన నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేదని చెబితే గైడు సంబరపడ్డాడు.