దూకే జన్యువులను పరిణామం ఎందుకు వదిలించుకోలేదు?

ప్రశ్న: నల్లబల్ల

18 ఏళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. మొన్న తరగతిలో, మన డీఎన్ఏలో ప్రోటీన్లకు సంకేతమిచ్చే భాగం 2 శాతానికి లోపేనని, దాదాపు 45 శాతం చోటు మార్చుకునే జన్యు భాగాలూ వాటి శిథిలాలేనని చెప్పాను. చివరి వరుసలోని అమ్మాయి లేచి, “పనికిరానివైతే ఇన్ని కోట్ల ఏళ్లలో ఎందుకు పోలేదు? పనికొచ్చేవైతే వాటి పని ఏమిటి?” అని అడిగింది. ‘చెత్త డీఎన్ఏ’ అన్న పాత మాటే తిప్పి చెప్పాను. ఆ పిల్ల కూర్చుంది గానీ ముఖంలో సందేహం అలాగే ఉంది. నిజానికి నాకూ తీరలేదు. సోమవారం మళ్లీ అదే తరగతి. తెలిసినవారు వివరించగలరా?

జవాబు: మచ్చలగింజ

మాస్టారూ, ఆ అమ్మాయి చెప్పిన రెండు దారులే కాదు, మూడోది కూడా ఉంది. ఈ భాగాలు జీవి కోసం లేవు, తమ ప్రతులు తామే పెంచుకుంటాయి. జీవి సంతానం కనలేనంతగా దెబ్బతింటే ఆ వంశంతోపాటే అవీ పోతాయి. అంత హాని లేకపోతే తరతరాలుగా పేరుకుంటూనే ఉంటాయి.

నేను మొక్కజొన్న జన్యువుల మీద పనిచేస్తాను. మచ్చలున్న గింజను భూతద్దం కింద పెట్టినప్పుడల్లా ఇప్పటికీ చూపు తిప్పుకోలేను. రంగునిచ్చే జన్యువులో డీఎస్ అనే భాగం వచ్చి కూర్చుంటే ఆ జన్యువు మూగబోతుంది, గింజ పాలిపోతుంది. అదే కణంలో ఏసీ అనే మరో భాగం ఉంటే, దాని ఎంజైమ్ డీఎస్‌ను కత్తిరించి లేపేస్తుంది. అప్పుడు ఆ కణానికీ, దాని నుంచి పుట్టిన కణాలన్నిటికీ రంగు తిరిగి వస్తుంది. గింజ ఎదిగే తొలిదశలో లేచిపోతే పెద్ద మచ్చ, చివర్లో లేస్తే సూదిమొనంత చుక్క. మచ్చ కొలత చూసి అది ఎప్పుడు లేచిందో చెప్పవచ్చన్నమాట. జన్యు శాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్ 1940లలో ఇలాంటి గింజలను, సూక్ష్మదర్శినిలో క్రోమోజోమ్ తెగే చోటును కలిపి చదివి, జన్యు భాగాలు కదులుతాయని తేల్చారు. డీఎన్ఏ నిర్మాణం అప్పటికి ఎవరికీ తెలియదు. ఆమెకు నోబెల్ వచ్చింది 1983లో, 81వ ఏట. ఆ నిరీక్షణ తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

మనలో ఉన్నవి ఎక్కువగా ఇలా లేచిపోయే రకం కాదు. ముందు ఆర్ఎన్ఏ ప్రతి తీసి, దాన్ని డీఎన్ఏగా మార్చి కొత్త చోట అతికించుకుంటాయి. మూలం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎల్1 అనే రకం సుమారు 5 లక్షల ప్రతులతో మన జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్ఏలో, 17 శాతం ఆక్రమించింది. దాని యంత్రాంగాన్నే వాడుకుని పెరిగిన ఆలూ, 300 డీఎన్ఏ అక్షరాల చిన్న ముక్క, 10 లక్షలు దాటింది. ఒకసారి చొరబడిన ప్రతిని పొల్లుపోకుండా పెరికివేసే ఏర్పాటు కణానికి లేదు. డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు వేసి నోరు నొక్కగలదు, అంతే. అందుకే పోలేదు.

ఎల్1 ప్రతుల్లో చాలావరకు విరిగిపోయినవే. ఒక్కో మనిషిలో ఇంకా కదలగలిగినవి 80 నుంచి 100. 1988లో ఇద్దరు హీమోఫీలియా రోగుల్లో, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 జన్యువులోనే ఎల్1 కొత్తగా దూరిందని తేలింది. ఇలాంటి దాన్ని ఏ నోటితో మేలు అంటాం?

జవాబు: గాజుపలక

బాక్టీరియా సంగతి కూడా పిల్లలకు చెప్పండి, అక్కడ ఇది మన కళ్ల ముందే జరుగుతుంది. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన ప్రయోగశాల పలక మీద రాత్రి పూసిన బాక్టీరియా తెల్లారేసరికి గుంపులుగా మొలిచిందంటే నేను మొదట అనుమానించేది ఇలాంటి భాగాలనే. టీఎన్10 అనే దూకే భాగంలో ఐఎస్10 అనే ముక్కలు రెండు అటూ ఇటూ ఉండి, మందును తట్టుకునే జన్యువును మధ్యలో మోస్తాయి. అది ప్లాస్మిడ్ మీదకు, అంటే ఒక బాక్టీరియా నుంచి మరోదానికి చేరగల చిన్న డీఎన్ఏ వలయం మీదకు, దూకితే పక్క జాతికీ చేరుతుంది. 1950లలో జపాన్‌లో రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా ఒకేసారి నాలుగు మందులకు లొంగకుండా పోయింది. ఒక్కో మందుకూ విడివిడిగా మార్పు రావాలంటే అంత త్వరగా సాధ్యమయ్యేది కాదు. మందుల విషయంలో నా భయమంతా ఇదే.

నల్లబల్ల

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి జీవికి కలిసివచ్చిన సందర్భాలే లేవా?

మచ్చలగింజ

ఉన్నాయి. ముందు మీ పిల్లలకు తెలిసిన బఠాణీ చెబుతాను. మెండెల్ ముడతల గింజ గుర్తుంది కదా? పిండిపదార్థంలో కొమ్మలు వేసే ఎంజైమ్ జన్యువులో సుమారు 800 అక్షరాల ముక్క దూరడం వల్లే ఆ ముడత అని 1990లో తేలింది. ఆ ముక్క మొక్కజొన్నలోని డీఎస్‌ను పోలి ఉంటుంది. ఎంజైమ్ పనిచేయకపోతే పిండి తగ్గి చక్కెర మిగులుతుంది, గింజ నీరు ఎక్కువ పీల్చుకుంటుంది, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది. బఠాణీకి ఇది మేలేమీ కాదు. కానీ ఇలా దూరడమే కొత్త తేడాలు పుట్టించే ఒక పెద్ద దారి.

ఇక మేలు అంటే తల్లి మాయ. కోట్ల ఏళ్ల క్రితం మన పూర్వజీవుల బీజకణాల్లో చేరిన ఒక రెట్రోవైరస్ (తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చి కణపు డీఎన్ఏలో చేర్చే వైరస్) పైపొర జన్యువే సిన్సిటిన్. వైరస్‌కు కణంలోకి చొరబడటానికి పనికొచ్చిన ఆ ప్రోటీన్, మనలో మాయ కణాలను ఒకదానితో ఒకటి కలిపి పొరగా చేస్తుంది. ఎలుకల్లోనూ ఆ పని ఇలాంటి ప్రోటీన్లదే, అయితే వాటిది వేరే వైరస్ నుంచి వచ్చింది. రెండు వంశాలు విడివిడిగా, చేతికందినదాన్ని పనిలో పెట్టుకున్నాయి. యాంటీబాడీల వైవిధ్యానికి జన్యువులను ముక్కలు చేసి కలిపే మన రాగ్ ఎంజైమ్ కూడా ఒకప్పటి దూకే భాగం నుంచి వచ్చిందే.

ఒక్క మనవి: “మాయ కోసమే వైరస్ వచ్చింది” అని మాత్రం చెప్పకండి. అది తన కోసమే వచ్చింది. వాడుక తర్వాత కుదిరింది, అదీ లక్షల్లో ఏ ఒక్కదానికో.

నల్లబల్ల

సోమవారం ముందుగా ఆ అమ్మాయికి నా జవాబు సరైనది కాదని చెబుతాను. తర్వాత మచ్చల గింజ బొమ్మ బల్ల మీద గీస్తాను, పక్కన ఏమీ రాయను. ఏ మచ్చ ముందు పుట్టిందో వాళ్లనే చెప్పమంటాను.